తాళాల పిన్ని గొంతు

వినపడితే బొత్తాం నొక్కండి అని చెప్పాను, చాలా చిన్నగా వినపడినా నొక్కండి, వినపడిందేమో అని అనుమానం వచ్చినా నొక్కండి అని. ఆ పెద్దావిడ తలూపింది, వినపడి ఊపిందో నా పెదవులు ఆగాయి కదా అని ఊపిందో తెలియదు. ఇక్కడికి వచ్చేవాళ్లందరూ తలూపడంలో ఆరితేరినవాళ్లే. పరీక్ష గదికి మందపాటి తలుపు, గోడలకు నురుగు పలకలు, లోపల కూర్చుంటే తమ గుండె చప్పుడు తమకే వినపడుతోందని కంగారుపడేవాళ్లుంటారు. ఆవిడ కంగారుపడలేదు. రాగానే గోడలను ఒకసారి పరికించి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకొని, హెడ్‌ఫోన్లు తనే అందుకుంది, ఒక చెవికి సరిగ్గా, రెండో చెవికి కొంచెం వెనక్కి, ఎప్పుడూ చేసే పనిలా తగిలించుకుంది. రెండోది కూడా సరిగ్గా పెట్టుకోవాలమ్మా అని నేనే సర్దాను. సర్దుతుంటే మాట్లాడలేదు, పేరు అడిగినప్పుడూ మాట్లాడలేదు, అన్నిటికీ కోడలే జవాబు చెప్పింది. "మా అత్తగారు ఇంట్లో మాట్లాడటమే మానేశారండి. అడిగితే ఊఁ అంటారు, లేకపోతే అదీ లేదు. మా మీద కోపం వచ్చిందేమోనని మా ఆయన ఒకటే బాధ." కోపం కాదమ్మా, చెవి తగ్గితే మాట కూడా తగ్గుతుంది అని అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పి, గది అద్దపు కిటికీ ఇవతలికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. భోజనానికి ముందు ఇదే ఆఖరు పరీక్ష. రిసెప్షన్ అమ్మాయి అప్పుడే గడియారం వంక చూడటం మొదలుపెట్టింది.

శబ్దం పంపడం, ఆగడం, పెంచడం, మళ్లీ ఆగడం. ఆ పని చేతులు చేసుకుపోతాయి, మనసుకు అందులో వాటా లేదు, అది ఎటు పోవాలనుకుంటే అటు పోతుంది, అక్క పోయినప్పటినుంచి అది పోయే చోటు ఒక్కటే. ఇంటి తాళం తీస్తాను, లైటు వేస్తాను, రెండు గదులూ పొద్దున వదిలిపెట్టినట్టే ఉంటాయి, నేను కదపని వస్తువు ఏదీ కదిలి ఉండదు, దానికి అలవాటు పడటం ఎంత కష్టమో ఎవరితో చెప్పను. అక్క ఉన్నప్పుడు నేను చెప్పులు విప్పకముందే వంటింట్లోంచి గొంతు వచ్చేది, తన గొంతు కాదు, మా ఇద్దరికీ కంఠతా వచ్చిన సినిమాలో ఏదో ఒక పాత్ర గొంతు. ఏ గొంతు వచ్చిందో దాన్నిబట్టి ఇల్లు ఎలా ఉందో తెలిసిపోయేది. గొడుగు మనిషి గొంతు వస్తే నా మీద కోపంగా ఉందని, దొంగ గొంతు వస్తే నాకు చెప్పకుండా ఏదో కొనేసిందని, తాళాల పిన్ని గొంతు వస్తే అంతా బాగుందని. నేనూ అదే సినిమాలోంచి జవాబు ఇచ్చేవాణ్ణి. పక్క వాటావాళ్లకు మేం పోట్లాడుకుంటున్నామో నవ్వుకుంటున్నామో ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. ఇద్దరు మాత్రమే మాట్లాడే భాషలో ఒకరు పోతే, రెండోవాడికి ఆ భాష వచ్చినట్టా రానట్టా? వంటింటి గుమ్మంలో నిలబడి పిన్ని మాట పైకి అనబోయి ఆపుకున్న రోజులున్నాయి. అంటే జవాబు రాదు. జవాబు రాకపోతే అది సినిమా మాట కాదు, ఒంటిగా మాట్లాడుకునేవాడి మాట. ఆవిడ బొత్తాం నొక్కింది, నా ముందు దీపం వెలిగింది, చిన్నగా గుండ్రం గీశాను. బొంగురు శబ్దాలు వినపడుతున్నాయి. సన్నవాటికి పోతున్నకొద్దీ దీపం వెలగడం లేదు.

అది ఆడని సినిమా. వారం తిరక్కుండానే ఎత్తేశారు, తీసినాయన మళ్లీ కెమెరా జోలికి పోలేదు. మా వీధి చివరి హాల్లో కొత్త బొమ్మ దొరకనప్పుడల్లా ఉదయం ఆటకు దాన్నే తెచ్చి వేసేవారు, చవగ్గా వస్తుందని. వేయగా వేయగా ఎక్కడెక్కడినుంచో మనుషులు రావడం మొదలైంది, మాటలన్నీ కంఠతా వచ్చినవాళ్లు, తెరకంటే ఒక క్షణం ముందే అనేవాళ్లు. కథంటే ఏముంది, ఒక పాత లాడ్జి. అందులో ఒక గడియారాల మెకానిక్కు, ఎవరడిగినా తప్పు టైమే చెబుతాడు. ఒక దొంగ, దోచుకుపోదామని గది తీసుకొని, మెట్లకు రంగులు వేస్తూ అక్కడే ఉండిపోతాడు. వాణ్ణి పట్టుకుందామని వచ్చిన పోలీసు పక్క గదిలో అద్దెకు దిగుతాడు. ఇంట్లో కూడా గొడుగు మూయని పెద్దమనిషి, ఆ లాడ్జిని కొని పడగొట్టాలని తిరిగేవాడు. వీళ్లందరికీ పైన, మెట్ల మీద, నడుముకు గుత్తి వేలాడేసుకుని తాళాల పిన్ని. దీపాలు ఆర్పే వేళకు ఎవరో ఒకరు వీధి తలుపు మూయబోతారు. అప్పుడు ఆవిడ, కోపం లేకుండా, బతిమాలకుండా, ఇప్పుడే గుర్తొచ్చినట్టు అంటుంది, "గడియ పెట్టకండి. ఇంకా ఒకరు రావాలి." అంతే. హాలంతా లేచి నిలబడేది. ఎవరు రావాలో సినిమా చెప్పదు, అయిపోయేదాకా చెప్పదు, బయటికి వచ్చాక మెట్ల దగ్గర దాని మీద పెద్ద వాదన. భర్త అనేవాళ్లు, తప్పిపోయిన కూతురు అనేవాళ్లు. మా వెనక కూర్చునే టైలరు, రావలసింది చావేనండీ అని తీర్పు చెప్పేవాడు, అక్క నవ్వి "చావుకి గడియ అడ్డమా?" అనేది, టైలరు ఆ వారమంతా మాతో మాట్లాడేవాడు కాదు.

ఆ వేషం వేసినామెది మన భాష కాదు, చూస్తే తెలిసిపోయేది, పెదవులు ఒకలా కదిలేవి, మాట ఇంకోలా వచ్చేది. ముఖం అద్దెకి తెచ్చుకున్నార్రా, అసలు మనిషి ఆ గొంతే అనేది అక్క. పేర్లు పడేటప్పుడు లైటు పట్టుకున్నవాడి పేరు వేశారు, టీలు అందించినవాడి పేరు వేశారు, ఆ గొంతు పేరు మాత్రం లేదు. ఆవిడెవరో ఇప్పుడు ఎక్కడో బట్టలు ఆరేసుకుంటూ ఉంటుంది, మనం ఇక్కడ లేచి నిలబడుతున్నామని ఆవిడకేం తెలుసు అని ఇంటికి నడుస్తూ అక్క బాధపడేది, ఎవరో చుట్టాలావిడకు అన్యాయం జరిగినట్టు. నేను చెవుల పనిలోకి రావడం ఆ సినిమా వల్లే అని చెప్పను, అలా చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, ఈ కోర్సులో సీటు ఖాళీ ఉండటం వల్ల వచ్చాను. ఆ హాలు ఇప్పుడు పరుపుల దుకాణం. అక్క పోయాక ఒక మధ్యాహ్నం వెళ్లి, వెనక వరుస ఉండే చోటు అటూ ఇటూగా అంచనా వేసుకుని, అక్కడున్న పరుపు మీద కూర్చున్నాను. అమ్మేవాడు వచ్చి గట్టిదా మెత్తదా అన్నాడు, మెత్తదే అన్నాను, కాసేపు చూసి వెళ్లిపోయాడు. రిసెప్షన్ అమ్మాయికి ఒకసారి ఈ సినిమా సంగతి చెప్పాను, ఫోనులో వెతికి పట్టుకుని చూసింది పాపం, మర్నాడు "చాలా స్లో అండి సార్. ఆ తాళాలావిడ ఏం చేస్తుంది సార్, ఊరికే నిలబడుతుంది" అంది. అవును, ఊరికే నిలబడుతుంది. ఊరికే నిలబడే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆ అమ్మాయికి ఎలా చెప్పాలి, వాళ్లింట్లో ఇంకా అందరూ ఉన్నారు.

కాగితం మీద ఎడమ చెవి గీత గోడ మీంచి పడ్డట్టు పడింది. కుడి చెవి కొంత నయం. ఇక మాటల పరీక్ష. మైకు ఆన్ చేసి, పెదవులు కనపడకుండా అట్ట అడ్డం పెట్టుకుని చెప్పాను, నేను ఒక్కో మాట అంటానమ్మా, మీకు ఎలా వినపడితే అలా తిరిగి అనండి, తప్పయినా ఏం ఫరవాలేదు. పలక అన్నాను. చాలాసేపటికి "పలక" అంది. వాడక మూలన పడి ఉన్న గొంతు, అంచులు అరిగిపోయి. మడత, "మడత". చిలక, "పిలక". గడప, "గడప". ఇదంతా రోజూ వినేదే, చెవి అక్షరాలను ఎలా తింటుందో చూసి చెవికి ఏ మిషను పెట్టాలో లెక్క వేసుకోవడమే. తాళం అన్నాను. "తాళం" అంది.

పెన్ను ఆగిపోయింది. ళ దగ్గర నాలుక అంగిలికి తగిలి, వదలడానికి ఇష్టం లేనట్టు ఒక్క క్షణం అక్కడే ఉండి, తర్వాత సున్నాలోకి మెత్తగా దిగింది. అలా ళ పలికే మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. తాళాలు ఇక్కడ పెట్టాను, తాళాలు ఎవరూ తీయకండి, తాళాలు బరువనిపించడం లేదు నాకు. ఆ హాల్లో ఎన్ని వందల ఉదయాలు విన్నాను, అక్క నోట ఇంకెన్నిసార్లు విన్నాను. కాదు, అయి ఉండదు, ముసలివాళ్లందరి నాలుకా కాస్త బరువెక్కుతుంది, ఒంటిగా ఉండేవాడికి ప్రతి చప్పుడూ తెలిసినట్టే ఉంటుంది, పోయిన నెల లిఫ్టులో ఎవరి దగ్గో విని అక్క అనుకుని వెనక్కి తిరిగాను. తాళం, మళ్లీ అన్నాను, ఒకే మాట రెండుసార్లు అడగకూడదు. "తాళం" అంది ఆవిడ, ఓపిగ్గా. కాగితం మీద ఆవిడ పేరు చూశాను, నాకేమీ చెప్పని పేరు, ఎలా చెబుతుంది, ఆ పేరు ఎక్కడా వేయలేదు కదా. తర్వాతి మాట నారింజ అని ఉంది. నేను నారింజ అనలేదు. గడియ అన్నాను. "గడియ". పెట్టకండి. "పెట్టకండి". ఇక ఆగలేక మిగిలింది మొత్తం అనేశాను, ఇంకా ఒకరు రావాలి. ఆవిడ తల కొంచెం వంచి విని, ఎలా వినపడిందో అలా అంది, "ఇంకా ఒకరు కావాలి."

అద్దంలోంచి ఆవిడ ముఖం చూశాను. ఏమీ లేదు. మడత అన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, తర్వాతి మాట కోసం చూస్తోంది. ఆ గొంతు, ఆ మాట, నా ఒక్కడి కోసం, తప్పుగా. తప్పు అయితే ఇంటూ పెట్టాలి. పెట్టలేకపోయాను. మైకు ఆపి, లేచి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. స్టూలు లాక్కుని ఆవిడ ముందు, వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చుని, హెడ్‌ఫోన్లు తీసి, పెద్దగా, నెమ్మదిగా అడిగాను.

"అమ్మా, మీరు సినిమాల్లో గొంతు ఇచ్చేవారా?"

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఎవరు చెప్పారు? మా కోడలికే సరిగ్గా తెలీదు."

"మీరే చెప్పారు. ఇప్పుడు. తాళం అన్నారు కదా."

అర్థం కాలేదు. సినిమా సంగతి చెప్పాను, లాడ్జి, మెట్లు, నడుముకు గుత్తి. కళ్లు చిన్నవి చేసుకుని ఎక్కడో వెతుక్కుంది, ఒకవేళ కాదంటే ఏం చేయాలో కూడా నేను ఆలోచించుకోలేదు. "సన్నటి ముక్కు మనిషి," అంది చివరికి. "పెదవి అస్సలు కలిసేది కాదు, చంపుకుతింది. ఒక్క పూట పని బాబూ అది. ఒళ్లు కాలిపోతోంది నాకు ఆ రోజు, వేణ్నీళ్లు తాగుతూ చెప్పాను. ఎవరు రావాలి సార్ అని అడిగితే నీకెందుకమ్మా, పెదవి కలిస్తే చాలు అన్నాడు సౌండు ఆయన." నవ్వింది. చాలా రోజులుగా తెరవని కిటికీ తెరిచినట్టు ముఖమంతా కదిలింది. "సినిమా నేను చూడలేదు. ఆవిడ నోరు తెరిచిన ముక్కలే వేసి చూపించేవాళ్లు మాకు. రిలీజయ్యాక వెళ్దామనుకునేసరికి ఎత్తేశారన్నారు."

చూడలేదు. ఇన్నేళ్లు మేం కట్టుకున్న ఆ లాడ్జిలో అందరికంటే ముఖ్యమైన మనిషి, లోపలికే రాలేదు. జనం లేచి నిలబడేవాళ్లమ్మా మీరు మాట్లాడితే అన్నాను. ఎందుకు అంది. మీరు మాట్లాడుతున్నారని అన్నాను. నా మనసు బాగుండటానికి చెబుతున్నావా అంది, ఒట్టమ్మా అన్నాను, చిన్నపిల్లాడిలా. "ఇంట్లో మాట్లాడటం లేదని చెప్పింది కదూ మా కోడలు. మంచిపిల్ల, దాని మీద నాకేం కోపం. నా గొంతు నాకు వినపడటం లేదు బాబూ. అరుస్తున్నానో గొణుగుతున్నానో తెలీకుండా ఎలా మాట్లాడేది? బతుకంతా చేసిన పని అది." కుడి చెవికి మిషను పనికొస్తుందమ్మా, ఎడమ చెవి సంగతి చెప్పలేను, మీ గొంతు మీకు కొంత తిరిగొస్తుంది, మొదట్లో వేరేవాళ్లదిలా ఉంటుంది అన్నాను. వేరేవాళ్లదిలా ఉండటం నాకు అలవాటేలే అంది. తర్వాత "కథేంటి?" అని అడిగింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. సినిమా మొదలు నేను చూసింది, ఎన్నో ఆటలయ్యాక, ఎప్పుడో ఆఖర్న. అక్క ఆ హాల్లో టికెట్ల కౌంటరులో పని చేసేది, కౌంటరు మూసి, డబ్బాకు తాళం వేసి వచ్చేసరికి ఆట కొంత అయిపోయేది, నేనూ ఆమెతోనే వెళ్లేవాణ్ణి. పేర్లు పడటం, దొంగ లాడ్జిలోకి రావడం అక్క చీకట్లో నా చెవిలో చెప్పేది, ఆమెకూ అది ఆపరేటరు చెప్పిందేనట. అలా చెవిలో పడ్డ మొదలునే ఆవిడకు చెప్పాను, కాకపోతే అరిచి చెప్పాను. వానలో తడిసి దొంగ వస్తాడు, గది ఉందా అంటాడు. మెకానిక్కు టైము చెబుతాడు. ఆవిడ మధ్యలో ఆపేది, వాడు మంచివాడేనా, ఆ పోలీసుకి తెలుసా వీడు దొంగని, పిన్ని చీర ఏ రంగు. నలుపు తెలుపు సినిమా అమ్మా అన్నాను, అయితే నేను ఆకుపచ్చ అనుకుంటాను అంది. ఇంతసేపు ఒక మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడి ఎన్నాళ్లయింది, నా గొంతు నాకే కొత్తగా ఉంది. అద్దం అవతల కోడలు లేచి నిలబడి చూస్తోంది, అత్తగారి పెదవులు అన్నిసార్లు కదలడం చూసి చేతిలో సంచి మర్చిపోయి. రిసెప్షన్ అమ్మాయి భోజనం గంట అయిందని సైగ చేసింది, నువ్వు తినెయ్ అని చెయ్యి ఊపాను. గొడుగు మనిషి లోపలికి అడుగుపెట్టే చోటుకు వచ్చాను, దొంగ తలుపు మూయబోతాడు, మెట్ల మీంచి మీరు అంటారు అని, మరచిపోయి, పిన్ని మాట పిన్నిలాగే అనేశాను, ఇంట్లో అక్క అనేది చూసి నేను నేర్చుకున్నట్టు.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగాగు. ఎవరు నేర్పారు నీకు ఇలా?"

"మా అక్క."

"ఇంకా అన్న మాట దగ్గర ఆగుతున్నావు. మీ అక్క కూడా ఆగుతుందా అక్కడ?"

ఆగేది. ఆగి, చిన్నగా ఊపిరి తీసుకునేది.

"జ్వరం కదా నాకు, అక్కడ ఊపిరి అందలేదు," అంది ఆవిడ. "బాగానే ఉంది, ఉంచేద్దాం అన్నారు. అది మీ అక్క పట్టుకుంది చూశావా! నీకు చేతకాలేదు, ఊరికే ఆగుతున్నావు. చెవి అంటే ఆవిడది. ఆవిణ్ణి చూడాలి నేను. ఈసారి మిషను కోసం వస్తాం కదా, ఆ రోజు రమ్మను."

లేదమ్మా అన్నాను. అందరికీ ఎలా చెబుతానో అలాగే చెప్పాను, పక్క వాటావాళ్లకు, క్లినిక్కులో, పాలవాడికి, తల కొంచెం దించి, మళ్లీ అడగడానికి వీల్లేనంత చిన్నగా.

"ఏంటి?"

"మా అక్క లేదు."

"వినపడటం లేదు బాబూ. ముఖం దించకు. పెద్దగా చెప్పు."

తల ఎత్తాను. వెలుతురు కళ్లలో పడింది. "మా అక్క చచ్చిపోయిందమ్మా!" అని అరిచాను, గొంతు పగిలేలా, రెండోసారి ఆవిడ అడగకుండానే మళ్లీ అరిచాను. నురుగు గోడలు ఆ కేకను అక్కడికక్కడే తాగేశాయి. బయట కోడలు చూస్తూనే ఉంది, ఆమెకు నా నోరు తెరుచుకోవడమే కనపడి ఉంటుంది. ముక్కు కారుతోంది, పేషెంటు ముందు ఇలా చేయకూడదు, కాగితం మీద ఇంకా సగం మాటలు మిగిలి ఉన్నాయి.

ఆవిడకు వినపడింది. అయ్యో అనలేదు, ఎప్పుడు అని అడగలేదు. తన కుర్చీని స్టూలుకు మరింత దగ్గరగా జరుపుకొని, కుడి చెవి నా వైపు తిప్పి, నా మోకాలి మీద చెయ్యి వేసింది. నేను ముఖం తుడుచుకునేదాకా ఆగింది.

"ఆ గొడుగాయన లోపలికి వచ్చాడన్నావు," అంది. "వచ్చి ఏం చేశాడు?"

చెప్పడం మొదలుపెట్టాను.